ఎండ గోడ ముందు నాలుగు పొదలు

నాటేది తొలకరి తర్వాతే అయినా పని శివరాత్రి వెళ్లగానే మొదలవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి ముఖం ఇంటికి ప్రహరీకీ సిమెంటు రోడ్డుకీ మధ్య మిగిలిన జాగా పొడవు 20 అడుగులు, వెడల్పు 3 అడుగులు. ఇక్కడ ఎండ పైనుంచే కాక గోడ మీంచి, రోడ్డు మీంచి కూడా కొడుతుంది.

ముందు నేలను చూస్తాం. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపుతాం. ఎర్ర చెల్క అయితే రెండోసారి పోసినవీ గంటా రెండు గంటల్లో పోతాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, అలంపూర్ వైపు నల్లరేగడిలో తెల్లారినా నిలుస్తాయి. అక్కడ గుంత లోతు చేస్తే వేరు కుళ్లుతుంది. మొరం కలిపిన మట్టితో 9 అంగుళాల ఎత్తు కట్ట పోసి, దాని మీదే నాటుకోవాలి.

ఎంపికలో ముందు కొట్టేసేవే ఎక్కువ. మందారానికి మే నెలలో నీళ్లు చాలవు, పిండినల్లీ వదలదు. నందివర్ధనం ఈ గోడ వేడికి ఆకు మాడుస్తుంది. వీధివైపు పెంచేదానికి మేక పరీక్ష కూడా ఉంది. గన్నేరును మేక ముట్టదు; ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో అది వద్దు. తంగేడునూ పెద్దగా మేయదు. ఇది తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ముందు కావలసిన పువ్వు. గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగేదాన్ని ఇంటి ముందు పెట్టుకోవడానికి మనకెందుకో నామోషీ. కాగితం పూలకు ముళ్లే కాపలా. గోరింటను మాత్రం గేటుకు దూరంగా, చివర పెట్టాలి. ఈ నాలుగూ చాలు.

కాగితం పూలు, గన్నేరు, గోరింట కొమ్మతోనే వస్తాయి. పెన్సిలు లావు ముదురు కొమ్మను 8 అంగుళాలు కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా కవర్లో గుచ్చుతాం. కవర్లో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంట సమపాళ్లు. చెట్టు నీడన పెట్టి తడి ఆరకుండా చూస్తే నెలా నెలన్నరలో వేరు పడుతుంది. నర్సరీలో కొంటే సైజును బట్టి ఒక్కోటి 40 నుంచి 100 రూపాయలు.

ఏప్రిల్‌లో చెల్క నేలలో ఐదేసి అడుగుల దూరంలో నాలుగు గుంతలు, ఒక్కోటి అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. గుంత నడిమి గోడకు అడుగున్నర ఎడంగా ఉండాలి. మూడు వారాలు ఎండనిచ్చాక పైమట్టి రెండు పాళ్లు, పెంట ఒక పాలు, అరకిలో వేపపిండి కలిపి పూడుస్తాం. నాలుగింటికీ పెంట నాలుగు బస్తాలు, వేపపిండి రెండు కిలోలు.

జూన్ నెలాఖరున, నేల జానెడు లోతు తడిశాక, సాయంత్రం పూట నాటతాం. కవరు చీల్చాలి గాని మట్టిగడ్డ చెదరకూడదు. తంగేడుకు మాత్రం నారు లేదు. దాని తల్లివేరు పీకితే ఓర్వదు కాబట్టి, గింజలను వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి గుంతలోనే మూడు వేసి, మొలిచినవాటిలో బలమైనదాన్ని ఉంచుతాం. వీధి అంచున అడుగున్నరకొకటి బిళ్లగన్నేరు.

మొదలు చుట్టూ పాదు కట్టి, రెండంగుళాల మందం పల్లిపొట్టు పరుస్తాం. వేరుశనగ పండే ఈ సీమలో కాయ కొట్టే మిల్లు దగ్గర అది దొరుకుతుంది. చెద పట్టకుండా కాండానికి నాలుగంగుళాలు వదలాలి.

మొదటి పదిహేను రోజులు వాన పడకపోతే రోజు విడిచి రోజు ఐదేసి లీటర్లు. తర్వాత వారానికి మొక్కకు పది లీటర్లు, తొలి వేసవిలో బిందెడు. రెండో ఏడాది నుంచి పక్షానికోసారి సరిపోతుంది. సంక్రాంతి దాటాక కాగితం పూలకు మూడు వారాలు నీళ్లు ఆపితే ఆకు తగ్గి పూత విరుచుకుపడుతుంది.

కత్తెర పని పూత అయ్యాకే. తంగేడును బతుకమ్మ వెళ్లాక మూడో వంతు తగ్గిస్తాం. కాగితం పూలను రంగు రాలాక కోస్తాం. గన్నేరును కోసేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి, ఆ పుల్లలను పొయ్యిలో పెట్టకూడదు. గోరింటకు కత్తెరతో పని లేదు, ఆషాఢంలో వాడకట్టు ఆడవాళ్లే వచ్చి దూసుకుపోతారు.