స్పష్టమైన స్వరము: బేస్ గిటారునకు ప్రీయాంప్ పెడల్ ఎంచుకొనుట

చదువవలసిన భాగములు: 1 కొరింథీ 14:7–8, లూకా 14:28–30



హనుమకొండ సుబేదారిలో మేము కూడుకొనియున్న ఒక సాయంకాలమున, గ్రామసంఘమొకదానినుండి ముగ్గురు యౌవనస్థులు బేస్ గిటారును సంచిలో పెట్టుకొని వచ్చిరి. వారితో సంఘపెద్దగారును వచ్చిరి. “అయ్యగారూ, మా గిటారు మందిరములో మూలుగువలె వినబడుచున్నది. ప్రీయాంప్ పెడల్ కొనినయెడల బాగుపడునందురు. ఏది కొనమందురు?” అని యౌవనస్థులు అడిగిరి. పెద్దగారు మెల్లగా, “ఇది మన తల్లులు పిడికెడు బియ్యము తీసి కూడబెట్టిన సొమ్మయ్యా. పాట వినబడక మోతయే మిగిలినయెడల వారికేమి జవాబు చెప్పుదుము?” అనిరి.

ఈ రెండు మాటలును న్యాయమైనవే. కాబట్టి ఈ నెల మనము ఈ సంగతినే పాఠముగా తీసికొందము.

1. బేస్ గిటారు పని యేమి?

పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను మన తాతలు తాళములతోను కంజీరతోను పాడిరి. పిమ్మట హార్మోనియము వచ్చెను. బేస్ గిటారు చాల వెనుక వచ్చినది. అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ 1951లో అమ్మకమునకు తెచ్చిన ప్రెసిషన్ బేస్ వలన అది లోకమంతట వ్యాపించెను. దాని నాలుగు తీగెలలో మిక్కిలి మందమైనది సెకనుకు సుమారు 41 మారులు కంపించును. తక్కినవి 55, 73, 98 మారులు. ఇల్లు కట్టువాడు పునాదిని నేలలో దాచునట్లు, ఈ స్వరము పాటక్రింద నిలిచి శ్రుతిని తాళమును మోయవలెను. పునాది ఇంటికంటె పైకి లేచినయెడల అది పునాది కాదు.

2. ప్రీయాంప్ ఏమి చేయును?

తీగె కదలికను గిటారులోని అయస్కాంతపు పికప్ పట్టి బలహీనమైన విద్యుత్తుగా మార్చును. ప్రీయాంప్ దానికి మూడు పనులు చేయును. మొదటిది, ఆ బలహీన సంకేతమును నష్టపరచక అందుకొని బలపరచును. రెండవది, మంద్ర, మధ్య, తార భాగములను వేరువేరు మరలతో హెచ్చించి తగ్గించును. మూడవది, డి.ఐ. అను ద్వారముండినయెడల, గొణుగు చేరకుండ పొడవైన తీగెమీదుగా మిక్సర్‌నకు పంపును.

ఆ యౌవనస్థులు గిటారును తిన్నగా మిక్సర్‌లోని లైన్ ద్వారములో పెట్టుచుండిరి. బ్యాటరీలేని గిటారునకు సుమారు 10 లక్షల ఓముల ద్వారము తగును. లైన్ ద్వారము సాధారణముగా అందులో నూరవవంతే. అందుచేత స్వరము క్షీణించి, మొద్దుబారి, మూలుగుగా మారును. తప్పు వారి వ్రేళ్లది కాదు.

3. కొనకముందు మన మందిరమును పరీక్షించుకొందము

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు బోధించెను. మనమును ఈ నాలుగు ప్రశ్నలు వేసికొందము.

తీగెలు పాతబడి తుప్పుపట్టినవా? అట్లయిన ముందు వాటిని మార్చవలెను. గిటారులోనే బ్యాటరీ యున్నదా? ఉండినయెడల దానిలో ప్రీయాంప్ ఇదివరకే కలదు. బ్యాటరీ మార్చి చూడవలెను. బేస్ యాంప్లిఫైయర్ కలదా? దానిలోనే మరలును డి.ఐ. ద్వారమును ఉండవచ్చును. మిక్సర్‌లో గిటారు కొరకు ప్రత్యేకమైన మీట కలదా? దానిని నొక్కి చూడవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది: మన స్పీకర్లు ఎట్టివి? చెట్టుమీద కట్టు హారన్ సుమారు 300 కంపనములకు క్రింది స్వరమును సరిగా పలుకలేదు. 41 కంపనముల తీగె దానిలో పలుకునా? పలుకదు. పైగా బలవంతముగా మంద్రమును పంపినయెడల లోపలి పలుచని పొర పాడగును. అయినను నిరాశపడనక్కరలేదు. ప్రతి తీగెయు తన మూలస్వరముతోకూడ దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలైన స్వరములను పలుకును. ఆ పై స్వరములు చెవికి చేరినయెడల, మూలస్వరము వినబడకపోయినను మనస్సు దానిని గ్రహించును. కాబట్టి హారన్ గల సంఘము మంద్రపు మర త్రిప్పక, మధ్యభాగమును కొంచెము పెంచి, పై స్థాయిలో వాయించుట మేలు.

4. పెడల్‌లో చూడవలసిన గుణములు

మొదటిది, డి.ఐ. ద్వారము. రెండవది, మధ్యభాగమునకు మర. 200–300 కంపనముల చోటున స్వరము డోలకుతో కలిసి రేకుల కప్పుక్రింద గుమ్మని మ్రోగును, అక్కడ తగ్గించవలెను. 700–1000 చోటున ప్రతి స్వరము విడివిడిగా తెలియును. 2000 పైన ప్రసంగీకుని, పాడువారి హల్లులు నిలుచును. అక్కడ మనము చోటు విడువవలెను. మూడవది, బ్లెండ్ అను మర. గరకు కలిపిన స్వరమును శుద్ధస్వరముతో తగినంత పాళ్లలో కలుపుట దీని పని. కొంచెము గరకు చేర్చినయెడల పై స్వరములు పెరిగి, చిన్న స్పీకరులోనైనను పాట నడక తెలియును. నాలుగవది, గ్రౌండ్ లిఫ్ట్ అను మీట. మన దేశపు కరెంటు సెకనుకు 50 మారులు మారును గనుక, దాని గొణుగు బేస్ స్వరములలోనే దాగియుండును. ఈ మీట దానిని తరచుగా తగ్గించును. గొణుగు పోవుటకై ప్లగ్‌లోని ఎర్త్ కాలును విరుగగొట్టరాదు, అది ప్రాణాపాయము.

ఆండ్రూ బార్టా 1989లో చేసిన సాన్స్‌యాంప్ ఈ జాతి పెడళ్లకు మార్గము చూపెను. ఆ వంశమునకు చెందిన బేస్ డ్రైవర్‌లోను, బెహ్రింగర్ వారి బి.డి.ఐ. 21లోను బ్లెండ్ మర కలదు, రెండవది చౌక. ఎం.ఎక్స్.ఆర్. వారి ఎం 80లో శుద్ధస్వరమునకును గరకు స్వరమునకును వేరువేరు మరలు కలవు. పేరునుబట్టి కాదు, మన మందిరమునకు కావలసిన గుణమునుబట్టి కొనవలెను.

5. జరిగిన సంగతి

ఆ యౌవనస్థులకు మేము ఒక పెడల్ ఎరువిప్పించి, శనివారము మందిరములో పరీక్షించుడంటిమి. పెద్దగారు కడపటి చాపమీద వృద్ధ స్త్రీలయొద్ద కన్నులు మూసికొని కూర్చుండిరి. వారు, “ఇప్పుడు పాటలోని మాట వినబడుచున్నది” అని చెప్పువరకు మరలు త్రిప్పుటయే నియమము. యౌవనస్థులు మంద్రమును హెచ్చింతుమని వచ్చినవారు. చివరకు దానిని తగ్గించిరి. వారు చౌకయైన పెడలును, క్రొత్త తీగెలును కొని, మిగిలిన సొమ్ము పెట్టె స్పీకరు కొరకు దాచిరి. పెద్దగారు లెక్కను స్త్రీల సమాజము ఎదుట చదివి వినిపించిరి.

పిల్లనగ్రోవియైనను వీణయైనను స్వరముల భేదము తెలుపనియెడల వినువారికి ప్రయోజనమేమని పౌలు అడిగెను. మందిరములో వాద్యమెంత మ్రోగినదని కాదు, కడపటి చాపమీదనున్న అవ్వ పాటతో కలిసి పాడెనా అని మనము అడుగుదము. ఆమె పాడినయెడల పిడికెడు బియ్యము వ్యర్థము కాలేదు.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో పాట మాటలు అందరికి వినబడుచున్నవా? ఎవరిని అడిగితిమి?
2. క్రొత్త వస్తువు కొనకముందు ఉన్నదానిని బాగుచేసి చూచితిమా?
3. యౌవనస్థుల ఆశను, పెద్దల జాగ్రత్తను ఒక్కచోట కూర్చుండబెట్టుటకు మనమేమి చేయగలము?