పేరు గడి ఖాళీగానే ఉండనీండి

రామసముద్రం మండలంలోని ఓ పల్లె నుంచి ఒక అవ్వ అడిగిన సంగతి ఇది. కూతురికి మదనపల్లెలో కాన్పయింది, మగబిడ్డ. పేరు మూడో నెలలో పెడతారు. అయ్యవారు ఇంకా అక్షరం కూడా చెప్పలేదు. ‘ఏదో ఒక పేరు చెప్పు తల్లీ, లేకుంటే సర్టిఫికెట్ రాదు’ అన్నారట ఆస్పత్రిలో. ఇంట్లో పిలుచుకునే ‘చిన్నా’నే రాయించేదా అని ఆమె అడుగుతోంది.

వద్దవ్వా, ససేమిరా రాయించొద్దు. పేరు లేకపోయినా పుట్టుక నమోదు చేసి తీరాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 14వ సెక్షన్ ఉన్నదే ఇందుకోసం. పుట్టుక వివరాలు నింపే ఫారంలో బిడ్డ పేరు దగ్గర, ఇంకా పెట్టకుంటే ఖాళీగా వదిలేయమని రాసి ఉంటుంది. మన బారసాలలు, తొట్లలో వేసే వేడుకలు ఎప్పుడు జరుగుతాయో ఆ ఫారం రాసినవాళ్లకు బాగానే తెలుసు!

తొందర పడాల్సింది పేరుకు కాదు, నమోదుకు. పుట్టిన 21 రోజుల్లోపు వివరాలు రిజిస్ట్రారుకు చేరాలి. ఆస్పత్రి కాన్పయితే ఆ బాధ్యత ఆస్పత్రివాళ్లదే. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో పోతుంది. అది దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అంతదూరం తెచ్చుకోకండి. నమోదయ్యాక ఏడు రోజుల్లోపు తొలి సర్టిఫికెట్ ఉచితంగా ఇవ్వాలి.

ఇక పేరు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు ఎప్పుడు చెప్పినా రుసుము లేకుండా ఎక్కిస్తారు. లెక్క పుట్టిన రోజు నుంచి కాదు, నమోదైన రోజు నుంచి. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు రుసుము కట్టి రాయించుకోవచ్చు. పేరు లేని పాత సర్టిఫికెట్ పారేయకండి, దాన్ని వెంట తీసుకుపోవాలి.

‘చిన్నా’ అని రాయిస్తే వచ్చే చిక్కేమిటంటే, 15వ సెక్షన్ కింద దిద్దేది తప్పుల్ని మాత్రమే. మనసు మారడం తప్పు కిందికి రాదు. పైగా 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పుట్టిన తేదీ, ఊరు రుజువు చేసేది ఈ ఒక్క కాగితమే. బడిలో చేర్చాలన్నా, ఓటరు జాబితాకైనా, లైసెన్సుకైనా, పాస్‌పోర్టుకైనా ఇదే అడుగుతారు. మీసాలొచ్చినా మీ మనవడు కాగితాల్లో చిన్నాగానే మిగిలిపోతాడు.

మన పక్క ఇంకో మెలిక ఉంది. రామసముద్రం దాటితే కోలారు జిల్లా. కాన్పులకు అటు పోయేవాళ్లు తక్కువేం కాదు. బిడ్డ ఎక్కడ పుడితే నమోదు అక్కడే. మీ రేషన్ కార్డు ఏ ఊళ్లో ఉందనేది లెక్కలోకి రాదు. కోలారులో పుట్టిన బిడ్డకు పేరు ఎక్కించాలన్నా కోలారుకే పోవాలి. ఇక్కడి పంచాయతీ కార్యదర్శిని ఎంత బతిమాలినా ఆయన చేతిలో ఏమీ ఉండదు.

పేరు లేదని ఎవరైనా వెనక్కి పంపితే వాదన పెట్టుకోకండి. అర్జీ రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రిజిస్ట్రారు చేసినదాని మీద 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది.

పేరు పెట్టుకున్నాక ఆఫీసుకు పోయేముందు ఒక తెల్లకాగితం మీద ఇంటిపేరుతో సహా పూర్తిగా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసుకోండి. సంఖ్యాశాస్త్రం అంటూ ఒక ‘ఇ’ కలపాలన్నా, ఒక ‘హెచ్’ తీసేయాలన్నా ఆ రాద్ధాంతం ఇంట్లోనే ముగించుకుని రండి. నోటితో చెప్పారంటే, కంప్యూటర్ ముందు కూర్చున్నాయన తన చెవికి వినబడిందే కొట్టేస్తాడు.