కాంక్రీటు మీద గచ్చు

మధురలోని తిరుమల నాయకుని మహలు 1636 ప్రాంతమున కట్టబడినది. దానిని చూడబోయిన మన విద్యార్థులు స్తంభముల నునుపును తలయెత్తి చూతురు. ఆ నునుపంతయు ఇటుకపై వేసిన సున్నపు పూతయే. సున్నమునకొక గుణము కలదు. లోపలి తేమ దానిగుండ మెల్లగా వెలికివచ్చి గాలిలో కలిసిపోవును. మన పెద్దల ఇండ్లలోని సున్నపు గచ్చును, పేడతో అలికిన మట్టినేలయు ఇట్టివే.

కోయంబత్తూరు చెంతనున్న మదుక్కరైలో 1930 దశకమున సిమెంటు కర్మాగారము వెలసినది. క్రమముగా ఇండ్ల నేలలు కాంక్రీటువైనవి. కాంక్రీటు బండవలె గట్టిగా కనబడును గాని, అందును కంటికానని రంధ్రములు కలవు. వత్తి నూనెను లాగినట్లు అవి క్రిందితేమను పైకి లాగును. దానిపై తేమ చొరని వినైలు పరుపును జిగురుతో అంటించినచో, తేమకు దారిలేక జిగురు వదలిపోవును. పరుపు పొంగును. కూడబెట్టిన సొమ్ము ఒక వానకాలముతో పోవును.

కావున మొదట తేమను పరీక్షింపవలెను. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీను ముక్కను నేలపై పరచి, నాలుగు అంచులను గాలి చొరకుండ అంటించి, కనీసము 16 గంటలు ఉంచవలెను. పిదప ఎత్తి చూచినచో అడుగున నీటిబిందువులుగాని, కాంక్రీటు రంగు నల్లబడుటగాని కనబడెనా, ఆ నేల ఇంకను ఆరలేదన్నమాట. విద్యార్థులు దీనిని తమ ఇంట చేసి చూడవచ్చును. ఖర్చు లేని పాఠమిది. క్రొత్తగా పోసిన కాంక్రీటును కనీసము ఏడు దినములు తడిపి, దాని బలము కుదురుటకు 28 దినములు విడుచుట మంచిది. గృహప్రవేశ ముహూర్తమునకై తొందరపడువారు ఈ మాట వినరు.

మన పాత పేటలలో నేతవారి ఇండ్లకు మరియొక చిక్కు కలదు. గుంటమగ్గమునకై నేలను త్రవ్వెడివారు. నేలతేమ నూలు తెగకుండ కాపాడెడిది. ఇప్పుడు మనము తరిమివేయగోరు తేమయే నాడు అన్నము పెట్టినది. మగ్గము పోయిన పిదప ఆ గుంటను చెత్తతోను ఇటుక ముక్కలతోను నింపి, పైన కాంక్రీటు పోయుదురు. లోపలి పూడిక దిగబడగా కాంక్రీటు పగులును, దానితో పలకయు పగులును. ఎంత వెలగల పలకయైనను దీనిని ఆపజాలదు. గుంటలో ఆరంగుళముల మందము మట్టిపోసి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపరచి, దానిపై మరియొక వరుస పోయవలెను. కాంక్రీటు క్రింద దళసరి పాలిథీను పరచుటకు తగిన సమయము కూడ అదియే.

ఇక ఎన్నిక. కడప నాపరాళ్లు, బేతంచెర్ల బండలు, తాండూరు బండలు సున్నపురాతి జాతివి. చౌక, చల్లన. కాని చింతపండు పులుసు, నిమ్మరసము పడి నిలిచినచో మెరుగు పోయి మచ్చపడును; ఆమ్లము సున్నపురాతిని తినును. గ్రానైటుకు ఆ భయము లేదు. కారైకుడి దగ్గరి ఆత్తంగుడి పలకలు కాల్చినవి కావు. గాజుపలకపై రంగు సిమెంటు పోసి, నీట నానబెట్టి చేసినవి. వాడిన కొలది మెరుగెక్కును. విట్రిఫైడు పలక 100 గ్రాములకు అరగ్రామునకు మించి నీరు పీల్చదు. అందువలననే వట్టి సిమెంటు పాలు దానిని సరిగా పట్టుకొనవు, పలకలకై చేసిన జిగురు సిమెంటు వాడవలెను. ఇంటిలో అవ్వతాతలున్నచో మెరుపును చూచి మురియరాదు. అంగడిలోనే పలకపై నీరు పోసి, తడికాలు పెట్టి చూడుడు. అవ్వ ఒకమారు జారిపడి తుంటియెముక విరిగినచో నెలలకొలది మంచమే. స్నానపుగదికి గరుకు పలక తప్పదు.

గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు అనుకొందము. రెండడుగుల చదరపు పలకలు 30 పట్టును. విరుగుళ్లకు పదవవంతు చేర్చి 33 కొనవలెను.

పాత కాంక్రీటు నునుపుగా నున్నచో ఉలితో గరుకు చేసి, ధూళి కడిగి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మాలు పరవవలెను. మేస్త్రీ తాపీతో (ఇచట మనవారును కరణై అనుచున్నారు) మాలును సరిచేయుటకు ముందు, నీటిగొట్టముతో మట్టము చూచును. గొట్టము రెండు కొనలందును నీరు ఒకే యెత్తున నిలుచును గదా. భౌతికశాస్త్రమున చదివినది ఇచట కంటికి కనబడును. స్నానపుగదిలో మాత్రము నీరు పోవు వైపునకు ఐదడుగులకు ఒక అంగుళము వాలు ఉండవలెను. పలకల నడుమ రెండు మూడు మిల్లీమీటర్లు, గోడ దగ్గర మరికొంత, సందు విడువవలెను. మన ఎండకు పలక వ్యాకోచించును. సందు లేనిచో ఒకదానినొకటి నెట్టుకొని పైకి లేచును.

పని ముగిసిన మరునాడు కఱ్ఱతో ఒక్కొక్క పలకను తట్టి చూడవలెను. గుల్లశబ్దము వచ్చిన పలక క్రింద మాలు నిండలేదు. దానిపై సుద్దతో గుర్తుపెట్టి, తుది కూలి చెల్లింపకముందే తీయించి మరల పెట్టించుకొనవలెను. మిగిలిన మూడు పలకలను అటకమీద దాచుడు. పదియేండ్ల తరువాత అదే రంగు అంగడిలో దొరకదు.