అందరూ వ్రాసే విజ్ఞాన సర్వస్వం — నమ్మదగినదేనా?

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మానవుడు సంపాదించిన విజ్ఞానాన్ని ఒకచోట కూర్చి, వెతుక్కోవటానికి వీలుగా పేర్చిన గ్రంథాన్ని విజ్ఞాన సర్వస్వం అంటారు. ఈ పని మన తెలుగువారికి కొత్త కాదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని, మూడు సంపుటాలు వెలువరించి, 1923లో కన్నుమూశారు. ఆ మూడు సంపుటాలూ 'అ' అక్షరంతో మొదలయ్యే మాటలతోనే నిండిపోయాయి. ఒక మహాపండితుడు, ఆయన సహాయకులు ఏళ్ళ తరబడి శ్రమిస్తే ఒక్క అక్షరమంత పని జరిగిందంటే, ఈ కార్యం ఎంత బరువైనదో మనం ఊహించుకోవచ్చు.

ఈనాడు మన విద్యార్థులం ఏ అనుమానం వచ్చినా తెరిచేది వికీపీడియా. దానిలో ఎవరైనా వ్రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అందుకే అధ్యాపకులు "దాన్ని ఆధారంగా చూపించకండి" అంటారు. మనం తలూపి వచ్చి, రికార్డు ఇవ్వవలసిన ముందురోజు రాత్రి మళ్ళీ దాన్నే తెరుస్తాం! ఇంతకూ అది నమ్మదగినదా, కాదా? ఈ సంగతి కాస్త నిదానంగా విచారిద్దాం.

పుట్టు పూర్వోత్తరాలు

2000లో జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనే అమెరికన్లు 'నూపీడియా' అనే దాన్ని మొదలుపెట్టారు. దానిలో నిపుణులే వ్రాయాలి. ప్రతి వ్యాసమూ ఏడు దశల పరీక్ష దాటాలి. పద్ధతి గొప్పదే గాని, 2003లో మూతబడే నాటికి పూర్తయిన వ్యాసాలు పాతికకు అటూ ఇటూ. దీనికి తోడుగా ఉంటుందని 2001 జనవరి 15న వికీపీడియాను ప్రారంభించారు. తోడుగా వచ్చినదే అసలుదాన్ని మించిపోయింది. ఇంగ్లీషు వికీపీడియాలో నేడు 70 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా లక్ష దాటింది.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనలో సామెత. అందరిదీ అయినది ఎవరికీ పట్టదు గదా, మరి ఇది ఎట్లా నిలిచింది? కారణం దాని కట్టుబాట్లు. వ్రాసిన మాటకు ఆధారం చూపాలి. సొంత పరిశోధన వ్రాయరాదు. ఒక పక్షం వహించరాదు. వీటన్నిటికంటె ముఖ్యం, ప్రతి పుట వెనుకా ఒక చరిత్ర పుట ఉంటుంది. ఏ మార్పు ఏ రోజు, ఏ పేరుతో జరిగిందో అందులో కనబడుతుంది. భూమి కాగితాల్లో ఒక దిద్దుబాటు ఎప్పుడు, ఎవరివల్ల జరిగిందో తెలుసుకోవాలంటే రైతు ఎన్ని గడపలు తొక్కాలో మా వంటి ఇళ్ళలో పుట్టినవారికి తెలుసు. ఇక్కడ ఒక్క మీట నొక్కితే చాలు.

పరీక్షకు నిలిచిందా?

2005 డిసెంబరులో 'నేచర్' అనే ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక ఒక పోలిక ప్రకటించింది. 42 శాస్త్ర విషయాలపై వికీపీడియా వ్యాసాలనూ, బ్రిటానికా వ్యాసాలనూ ఏది ఎక్కడిదో చెప్పకుండా నిపుణులకిచ్చి తప్పులు పట్టించింది. వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 తేలాయి. అంటే వ్యాసానికి సుమారు నాలుగు, మూడు. మరీ పెద్ద తప్పులు మాత్రం రెండింటిలోనూ నాలుగేసి. బ్రిటానికావారు 2006లో ఈ పోలిక పద్ధతినే ఖండించారు. 'నేచర్' తన మాట మీదే నిలబడింది.

ఈ లెక్కనుబట్టి "చూశారా, వికీపీడియా బ్రిటానికాతో సమానం" అని ఎగిరి గంతెయ్యటం సరికాదు. పరీక్షించినవి 42 వ్యాసాలు. అవి ఇంగ్లీషువి, శాస్త్ర విషయాలవి. చాలామంది చదివి, చాలామంది దిద్దే తావులవి. కాలువ మొదట్లో నీళ్ళు చూసి చివరి చేను కూడా తడిసిందనుకోగూడదు గదా!

ఎక్కడ చెడుతుంది?

2005 మే నెలలో జాన్ సీగెన్‌థాలర్ అనే అమెరికన్ పత్రికా రచయితపై ఉన్న చిన్న వ్యాసంలో, కెనడీ సోదరుల హత్యల్లో ఆయనకు ప్రమేయం ఉన్నట్లు అనుమానించారని ఎవరో వ్రాశారు. అది పచ్చి అబద్ధం. నాలుగు నెలలకు పైగా ఎవరూ పట్టుకోలేదు. ఆ నవంబరులో ఆయనే పత్రికలో వ్రాసి లోకానికి తెలియజేశారు. తరువాత, పేరు నమోదు చేసుకోనివారు ఇంగ్లీషులో కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా కట్టడి చేశారు.

జంతుశాస్త్రం చదివేవారికి ఇంకొకటి చెబుతాను. దక్షిణ అమెరికా అడవుల్లో కొవాటి అనే పొడుగు ముక్కు జంతువు ఉంది. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి తమాషాకు దానికి 'బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్' అని కూడా పేరుందని చేర్చాడు. ఆర్డ్‌వార్క్ ఆఫ్రికా జంతువు. దీనికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కాని పత్రికలు ఆ పేరును ఎత్తి రాసుకున్నాయి. ఆ పత్రికనే తిరిగి వికీపీడియాలో ఆధారంగా చూపారు. తన మాటకు తానే సాక్షి అయినట్లు, అబద్ధం ఆరేళ్ళు నిలిచింది. నిజం నిలకడమీద తెలుస్తుందంటారు గాని, చూసేవాడు లేకపోతే అబద్ధానికీ నిలకడ వస్తుంది.

చిన్న భాషల సంగతి ఇంకా కష్టం. స్కాట్స్ భాష వికీపీడియాలో, ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రవాడు ఏళ్ళ తరబడి ఇరవైవేలకు పైగా వ్యాసాలు వ్రాశాడని 2020లో బయటపడింది. క్రొయేషియా భాషలోనైతే నిర్వాహకులలోనే ఒక ముఠా చేరి, సుమారు పదేళ్ళు చరిత్రను తమకు నచ్చినట్లు వంచింది. కంచే చేను మేయటమంటే ఇదే.

వీటిని బట్టి నాకు తోచినది ఒకటే. వికీపీడియా మొత్తం నమ్మదగినదా అనే ప్రశ్నకు జవాబు లేదు. ఈ వ్యాసానికి కాపలా ఉందా అన్నదే అడగవలసిన ప్రశ్న. గట్టు మీద మనిషి తిరిగే చేలో గొడ్డు దిగదు.

చేలో చేసిన పరీక్ష

మా ఇంట్లో మక్కజొన్న పండిస్తాం. 2018లో కర్ణాటకలో తొలిసారి కనబడి దేశమంతా పాకిన కత్తెర పురుగు మా చేనుకూ వచ్చింది. తలమీద తలకిందులు చేసిన 'వై' అక్షరం వంటి తెల్ల గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు దాని గుర్తులని వ్యాసంలో చదివాను. మొక్క సుడిలోంచి పురుగును తీసి భూతద్దం కింద చూస్తే ఆ గుర్తులు ఉన్నట్లే ఉన్నాయి. ఆ విషయం మటుకు నాకిక ఎవరి మాట మీదా ఆధారపడనక్కరలేదు.

కాని మా బాపు అడిగింది పురుగు పేరు కాదు. "ఏం మందు కొట్టాల్రా? ఎకరానికి ఎంత?" అన్నాడు. ఆ జవాబు విజ్ఞాన సర్వస్వంలో వెతకగూడదు. మందు డబ్బా మీది కాగితం చదవాలి, వ్యవసాయాధికారిని అడగాలి. మన రికార్డులో తప్పు వస్తే పోయేది మార్కులు. అక్కడ తప్పితే పోయేది పంట, మందు కొట్టేవాని ఆరోగ్యం. పురుగును గుర్తుపట్టటానికి చాలిన ఆధారం మందు కొట్టటానికి చాలదు. ఏ పనికి ఎంత నమ్మకం కావాలో తెలుసుకోవటం కూడా చదువులో భాగమే.

మనం చేయవలసినది

మొదట, వాక్యం చివరనున్న ఆధారాన్ని తెరిచి చదవండి. అక్కడ ఆ మాట నిజంగా ఉన్నదో లేదో చూడండి. రెండు, చరిత్ర పుటా చర్చా పుటా చూడండి. పదిమంది తర్కించుకున్న వ్యాసం వేరు, ఒక్కరే వ్రాసి వదిలిన వ్యాసం వేరు. మూడు, అదే విషయాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చదివి పోల్చండి. నాలుగు, స్థిరాంకాలు, సూత్రాలు పాఠ్యగ్రంథంతో సరిచూసుకోండి. రికార్డులో ఉదహరించవలసింది ఆ మూల గ్రంథాన్నే. కనుక అధ్యాపకుల మాటా ఒప్పే, మన అలవాటూ పూర్తిగా తప్పు కాదు. వికీపీడియా దారి చూపే మనిషి, సాక్ష్యం చెప్పే మనిషి కాదు.

చివరిది మన తెలుగు సంగతి. లక్ష దాటిన తెలుగు వ్యాసాలకు నిత్యం కాపు కాసేవారు బహు కొద్దిమంది. తెలుగు మీడియంలో చదివే పల్లెటూరి పిల్లలకు చాలాసార్లు అదే గ్రంథాలయం. పైగా ఇప్పుడు అడిగినదానికి జవాబు చెప్పే యంత్రాలు కూడా వికీపీడియా చదివి నేర్చుకున్నవే. అక్కడి తప్పు ఇక్కడ, ఏ చరిత్ర పుటా లేకుండా, కొత్త బట్టలు కట్టుకొని తిరుగుతుంది.

మిత్రులారా! మన కళాశాలలో వృక్షశాస్త్రం చదివేవారున్నారు, రసాయనశాస్త్రం చదివేవారున్నారు. తలా ఒక పది తెలుగు వ్యాసాలు ఎంచుకొని, ఆధారం లేనిచోట ఆధారం చేర్చి, తప్పున్నచోట దిద్ది, నెలకొకసారి చూస్తూ ఉంటే చాలు. లక్ష్మణరావు పంతులుగారికి దొరకనంతమంది సహాయకులం ఈ ఒక్క కళాశాలలోనే ఉన్నాం. నమ్మవచ్చునా అని అడిగే మనమే, నమ్మదగినట్లు చేయవలసినవాళ్ళం కూడా.