లేహ్‌లో విమానాలు పొద్దున్నే ఎందుకు ఎగురుతాయి?

లద్దాఖ్‌లోని లేహ్‌కు విమాన టికెట్ కోసం వెతికితే సర్వీసులు చాలావరకు ఉదయం పూటే కనిపిస్తాయి. మధ్యాహ్నమయ్యాక కొండల మధ్య గాలులు బలంగా వీయడం దీనికి ఒక కారణం. ఎండ మరో కారణం. కాస్త ఎండెక్కితే విమానానికి ఇబ్బందేమిటి? అది తెలియాలంటే ముందు రెక్క చేసే పనిని చూడాలి.

రెక్క ఎలా మోస్తుంది?

ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం 70 టన్నుల బరువుతో బయల్దేరిందనుకుందాం. దాని రెక్కల వైశాల్యం సుమారు 122 చదరపు మీటర్లు. అంటే ఒక్కో చదరపు మీటరు దాదాపు 570 కిలోలు మోయాలి.

ముందు అంచు కాస్త పైకెత్తి ఉన్న రెక్క వేగంగా కదులుతూ గాలిని కిందికి మళ్లిస్తుంది. పై భాగం మీదుగా పోయే గాలి కూడా రెక్క వంపు వెంట కిందికే వంగుతుంది. రెక్క గాలిని కిందికి నెడితే, న్యూటన్ మూడో నియమం ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతుంది. ఈ బలమే లిఫ్ట్. దీన్ని పీడనం పరంగానూ చెప్పవచ్చు: రెక్క పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ. మన ఉదాహరణలో ఆ తేడా సముద్రమట్టం దగ్గరి వాతావరణ పీడనంలో 6 శాతం లోపే!

పై గాలి ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, కింది గాలిని వెనక అంచు దగ్గర కలుసుకునేందుకు వేగంగా పోతుందని చాలామంది చదువుకొని ఉంటారు. అది సరికాదు. అలా కలుసుకోవాలన్న నియమమేదీ లేదు. నిజానికి పై గాలే ముందుగా చేరుతుంది.

లేహ్ లెక్క

లిఫ్ట్ గాలి సాంద్రతను, వేగం వర్గాన్ని, రెక్క వైశాల్యాన్ని, రెక్క గాలికి ఎదురయ్యే కోణాన్ని బట్టి ఉంటుంది. లేహ్ విమానాశ్రయం సుమారు 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 25 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల వద్ద ఉండే దానికంటే దాదాపు 35 శాతం తక్కువ. అదే బరువును లేపాలంటే వేగం 24 శాతం పెరగాలి. సముద్రమట్టం దగ్గర గంటకు 250 కిలోమీటర్ల వేగంతో లేచే విమానానికి ఇక్కడ 310 కావాలి. పలచని గాలిలో ఇంజిన్ల శక్తీ తగ్గుతుంది కాబట్టి ఆ వేగం అందుకోవడానికి ఇంకా పొడవైన రన్‌వే అవసరం.

కోణం పెంచితే సరిపోదా? కొంతవరకే. సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్క పై భాగాన్ని వదిలేసి సుడులు తిరుగుతుంది, లిఫ్ట్ పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. నేలకు దగ్గరగా ఇది జరిగితే తేరుకునే వ్యవధి ఉండదు.

ఇక మిగిలింది సాంద్రత. ఉదయం 5 డిగ్రీల చలిలో గాలి, 25 డిగ్రీలప్పటి కంటే దాదాపు 7 శాతం చిక్కగా ఉంటుంది. ఎండలో 60 టన్నులు మోసే రెక్క, అదే వేగంతో, అదే కోణంలో ఉదయం 64 టన్నులు మోయగలదు. సామానుతో కలిపి మనిషికి 100 కిలోలనుకుంటే, ఆ తేడా 40 మంది ప్రయాణికులతో సమానం. వేడి పెరిగిన రోజున కొన్ని సీట్లు ఖాళీగా ఉంచినా, సామాను దించినా, అది ఈ లెక్క ప్రకారమే.