గణిత ప్రధానమైన ఆర్థికశాస్త్రానికి పునాది

ప్రశ్న: ద్వితీయ పి.యు.సి. విద్యార్థిని ఆర్థికశాస్త్రాన్ని గణిత ప్రధానంగా చదవాలంటే వేటిపై పట్టు సాధించాలి?
– ఒక పాఠకురాలు, నగర్తపేట, బెంగళూరు

జవాబు: కలనగణితం, రేఖీయ బీజగణితం, సంభావ్యత ఈ చదువుకు ఆధారం. మొదటిదాని అవసరం నగర్తపేట బట్టల దుకాణంలోనే కనిపిస్తుంది. పరిమిత పెట్టుబడిని చీరలకు, డ్రెస్ మెటీరియళ్లకు పంచే వ్యాపారికి, ఆ పరిమితి ఒక్క రూపాయి సడలితే గరిష్ఠ లాభం ఎంత పెరుగుతుందో సుమారుగా తెలిపే సంఖ్యను లగ్రాంజ్ గుణకం అంటారు. ఈ గుణకం పేరు గణాంకశాస్త్రంలోనూ వినిపిస్తుంది. గణాంక నమూనాపై విధించిన షరతు దత్తాంశానికి పొసగుతుందో లేదో, ఆ షరతుకు లోబడిన అంచనాలతోనే తేల్చే స్కోర్ పరీక్షను 1948లో ప్రతిపాదించినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావు. ఆర్థిక దత్తాంశాల గణాంక విశ్లేషణ అయిన ఎకనామెట్రిక్స్‌లో అది లగ్రాంజ్ గుణక పరీక్షగా ప్రసిద్ధం కావడం తెలుగువారు గర్వించదగిన విషయం.

అయితే లెక్కలు చేయగలిగితే చాలదు, నిరూపణ రాయడం రావాలి. కొన్ని షరతులకు లోబడి, అన్ని మార్కెట్లలోనూ గిరాకీ, సరఫరా ఒకేసారి సరితూగే ధరలు ఉంటాయని 1954లో ఆర్థికవేత్తలు యారో, డెబ్రూ నిరూపించింది స్థిరబిందు సిద్ధాంతాల, అంటే అవిచ్ఛిన్నత వంటి షరతులు పాటించే ప్రమేయం కనీసం ఒక బిందువును కదల్చకుండా ఉంచుతుందని చెప్పే సిద్ధాంతాల, బలంతోనే. కాబట్టి డిగ్రీలోనే వాస్తవ విశ్లేషణ, అంటే అవధులను, అవిచ్ఛిన్నతను నిరూపణలతో పరిశీలించే గణితశాఖ, చదవడం మేలు.

బెంగళూరులో 2017లో మొదలైన అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఒక మార్గం. మైసూరు రోడ్డులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.మ్యాథ్. చదివి, అదే సంస్థ ఢిల్లీ, కోల్‌కతా కేంద్రాల్లో నిర్వహించే పరిమాణాత్మక ఆర్థికశాస్త్ర మాస్టర్స్ కోర్సుకు ప్రయత్నించడం మరొకటి. గణితంపై నిజమైన మక్కువ ఉన్నవారికి రెండో దారి మరింత అనువైనది.