మాల తీసిన రాత్రి

మా బావ ఏటా నలభై ఒక్క రోజులు మందు ముట్టడు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న నాటి నుంచి చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. సంక్రాంతికి మా పాలెం గట్టు మీద పడిపోయే మనిషి ఈయనేనా అనిపిస్తుంది. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన రాత్రికే మళ్లీ క్వార్టర్ సీసా. "చూశావా, మానాలంటే మానగలను" అనేవాడు. మా అక్క ఆ మాటకు ఎప్పుడూ నవ్వలేదు.

చాలా ఏళ్లు నేను దాన్ని దైవభయం అనుకున్నాను. ఇప్పుడు వేరేగా తోస్తోంది. ఆ నలభై ఒక్క రోజులూ ఊరంతా ఆయన్ను 'స్వామీ' అంటుంది. బెల్టు షాపు దగ్గర కేకేసి పిలిచేవాళ్లే పక్కకు తప్పుకుంటారు. పొద్దుగూకి నోరు పీకే వేళకు పీఠం దగ్గర ఇరవై మంది భజనకు కూర్చుంటారు, అందరిదీ ఒకటే నియమం. మాల తీయగానే ఆ ఇరవై మందీ ఎవరి దారిన వాళ్లు పోతారు. బావ పట్టుదల అప్పటికీ అంతే ఉంటుంది. పక్కన కూర్చునేవాళ్లే ఉండరు.

పదిమంది కలిసి కూర్చుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి రాత్రిబడికి చేరిన ఆడవాళ్లు, 'సీతమ్మ కథ' పాఠంలో తమ కొంపలే చూసుకుని, రోశమ్మ అనే ఆవిడ వెంట వెళ్లి సారా అమ్మకం ఆపించారు. 1992 నాటికి జిల్లాలో సారా వేలంపాటలే సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లులకు దండం పెడతాను. అయితే ఒక్క వెలితి. ఆడవాళ్లకు రాత్రిబడి ఉంది. తాగే మగవాడికి అలా కూర్చుని తన బాధ చెప్పుకునే చోటు ఎవరూ చూపించలేదు.

నిరుడు సముద్రంలో చేపల వేట నిషేధంలో మా ఇంట్లో వ్యవహారం ముదిరింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కదలదు. వలలు బాగుచేసుకోవడం పది రోజుల పని, మిగతా అంతా పేకాట, మందు. అక్క ఓపిక పట్టి పట్టి, కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446కి ఫోన్ చేసింది. ముందు డాక్టరుకు చూపించమన్నారు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం: రోజూ గట్టిగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. మందులతో ఒళ్లు కుదుటపడ్డాక, ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు ఎక్కడ జరుగుతుందో డాక్టరే కాగితం మీద రాసిచ్చాడు.

"ఎవురన్నా చూస్తే ఏందిరా?" అన్నాడు బావ. నాకు నవ్వాగలేదు. గట్టు మీద పడిపోయినప్పుడు చూడని వాళ్లెవరు?

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే ఈ సంఘం పుట్టుక విచిత్రం. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో, పని చెడి హోటల్లో ఒంటరిగా మిగిలిన బిల్ అనే షేర్ల వ్యాపారికి కాళ్లు బారు వైపు లాగాయట. ఫోన్ తీసి ఆయన వెతికింది తనలాంటి ఇంకో తాగుబోతు కోసం. దొరికినవాడు బాబ్ అనే సర్జన్ కావడం వేరే సంగతి. ఆ ఇద్దరి కబుర్లతో మొదలైంది ఇదంతా. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు.

మొదటిసారి బయటివాళ్లనూ రానిచ్చే మీటింగు కాబట్టి నేనూ వెళ్లాను. నెల్లూరు టౌన్లో ఒక మామూలు గది, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. బావ చెప్పులు గుమ్మం దగ్గరే, బయటికి పోయే వైపు తిప్పి విడిచాడు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఒక పెద్దాయన లేచి తాను తాగుబోతునని చెప్పి మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో రాయను, అక్కడ విన్నది అక్కడే వదిలి రావాలి. మా బావ తలెత్తి ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు, అంతవరకే చెప్పగలను. నీతులు ఎవరూ చెప్పలేదు. పోయేటప్పుడు ఒకాయన ఫోన్ నంబరిచ్చి, గ్లాసు ఎత్తక ముందు చేయమన్నాడు, ఎత్తాక కాదు.

ఒక్క మీటింగుతో తేల్చేయకూడదు. బావ మూడు వారాలు నోరు విప్పలేదు. శ్రావణంలో ఒక పెళ్లిలో తాగాడు, తరవాతి వారం వెళ్లడానికి ముఖం చెల్లలేదు. వెళ్తే టీ ఇచ్చి కుర్చీ చూపించారట. అక్క కూడా మారాల్సి వచ్చింది. జేబులు వెతకడం, సీసాలో నీళ్లు కలపడం మానడం ఆమెకూ కష్టమే అయింది. ఇంటివాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ గురించి అక్కడే విన్నది.

కార్తీకంలో బావ మామూలుగానే మాల వేసుకున్నాడు. తీసిన రాత్రి అక్క నిద్రపోలేదు. బావ గట్టు మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, గంట దాటింది. ఎవరని పొద్దున అడిగింది. మనిషి పేరు చెప్పాడు. ఇంటిపేరు ఆయనకూ తెలియదట.